దొడ్డి చూపించమన్న గంగులప్ప సారు

కార్తీక మాసం, గురువారం, సాయంత్రం. ప్రొద్దుటూరు, మా ఇంటి ముందుగది. ఉన్నవాళ్లు: నేను, నా భార్య రుక్మిణి, పక్కింటి కోడలు హరిత, హరిత ల్యాప్‌టాప్.

ల్యాప్‌టాప్‌ను మనుషుల్లో కలిపి రాశానని రుక్మిణి నవ్వింది. నా డైరీలో ప్రతి పేజీ ఇట్లాగే మొదలవుతుంది. తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారు. గదిలో ఎవరి మాట నడిచిందో వాళ్ల పేరు రాయకపోతే ఆ పేజీ అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రం నడిచింది ఆ పెట్టె మాటే. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, లోపల చిన్న ఫ్యాను రొద, తెర మీద ఎర్రటి అక్షరాలు. ఆ వాసన నాకు బాగా తెలుసు. చాలా ఏళ్లు దాన్నే పీల్చి బతికాను.

హరిత బెంగళూరు కంపెనీకి ఇంట్లో నుంచే పని చేస్తుంది. "మామా, మీరు కంప్యూటర్ ల్యాబులో చేసినారంట గదా, దీన్ని ఒకసారి చూడండి. పొద్దున్నుంచి ఒకటే పాట. మాడ్యూల్ లేదంటాంది. మళ్లీ ఎక్కిస్తే ఉండాది పో అంటాంది. పిలిస్తే మళ్లీ లేదంటాంది. దీనికేమన్నా దయ్యం పట్టిందా ఏంది?"

"లేదంటే నమ్మొద్దు. యాడాడ వెతికిందో దాన్నే అడుగు" అన్నాను.

అన్నాక ఉలిక్కిపడ్డాను. నోరు నాదే. మాట గంగులప్ప సారుది.

ఈ పని తెలియని వాళ్ల కోసం ఒక మాట. ప్రోగ్రాము రాసేవాడు అన్నీ తానే రాసుకోడు. ఎవరో రాసి కట్టిపెట్టిన మూటలు ఉంటాయి. వాటిని లైబ్రరీలంటారు, మాడ్యూళ్లంటారు. మనం పేరు పెట్టి పిలుస్తాం, మిషను వెళ్లి తెస్తుంది. అయితే అది లోకమంతా వెతకదు. తనకు చెప్పిన నాలుగు చోట్లే వెతుకుతుంది. అక్కడ కనబడకపోతే 'అలాంటిదే లేదు' అంటుంది. 'నాకు కనబడలేదు' అనదు. హరిత అడిగి చూసింది. ఆమె మిషనులో ప్రోగ్రాములు నడిపే పైథాన్లు రెండు ఉన్నాయి. మూట ఎక్కించింది ఒకదానిలో, పిలుస్తున్నది రెండోదాన్ని. పిలిచేదానితోనే మళ్లీ ఎక్కించమన్నాను. ఎర్ర అక్షరాలు పోయాయి.

"ఎవురు నేర్పినారు మామా మీకిది?"

చెప్పాను. కాలేజీ పేరు, ఆయన పేరు.

"ఆ కాలేజీలోనే మామా నేను చదివింది. ల్యాబు బయట గోడకు హెడ్ల పేర్లు బోర్డు రాసింటారు గదా, మొదట్నించీ పనిచేసినోళ్లవి. రోజూ దాని కిందనే నిలబడుకోని ఉంటిమి." ఒక్కో పేరూ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. "గంగులప్ప అని లేదే మామా."

లేదే! నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు చెప్పాడు. డాక్టరు గంగులప్ప సారును ఎరగడు.

ఆ కాలేజీ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు పోయే రోడ్డు పక్కన ఉంది. పేరు రాయను. వాళ్లు ఒక మనిషి పేరు మింగేశారు, వాళ్ల పేరు నేనెందుకు మోయాలి? నేను అక్కడ ల్యాబు ఇన్‌స్ట్రక్టరుగా ఉన్న కాలానికి మా ప్రాంతంలో బాంబుల మోత తగ్గి టెండర్ల మోత పెరిగింది. కొడవళ్లు అటకెక్కాయి గానీ వర్గాలు అటకెక్కలేదు. అవి పార్టీ కండువాలు కప్పుకుని కాలేజీల్లోకి, ఆసుపత్రుల్లోకి వచ్చి కుర్చీలు వేసుకున్నాయి. మా చైర్మను ఒక పార్టీ మనిషి. పిల్లలు మాత్రం రెండు పార్టీల ఊళ్ల నుంచీ వచ్చేవాళ్లు. జమ్మలమడుగు పల్లెల నుంచి, పులివెందుల వైపు నుంచి, తుమ్మలపల్లె గనిలో పనిచేసేవాళ్ల ఇళ్ల నుంచి. ల్యాబులో కిటికీ వరస, గోడ వరస అని రెండు వరసల మిషన్లు ఉండేవి. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి పెట్టలేదు, కానీ చైర్మను పక్క ఊళ్ల పిల్లలు కిటికీ వరసలోనూ మిగతా ఊళ్ల పిల్లలు గోడ వరసలోనూ కూర్చునేవాళ్లు. ఫ్యాన్లు కిటికీ వరస మీదే తిరిగేవని వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా చేరినవాడు తెలియక అటువైపు కూర్చుంటే పక్కవాడు నెమ్మదిగా "మీదే ఊరప్పా?" అనేవాడు. మరుసటి రోజు వాడు తన వరసకు పోయేవాడు. చదువుకున్న పిల్లలు, కంప్యూటర్లు నేర్చుకునే పిల్లలు చేసే పని ఇది.

అలాంటి చోటికి గంగులప్ప సారు హెడ్డుగా వచ్చారు. చక్రాయపేట దగ్గర పల్లె ఆయనది. తాతల నాటి నుంచి గొర్రెల మంద. ఆయన కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా నేను చూడలేదు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని రెండు వరసల మధ్య నడుస్తూ చెప్పేవారు. ఎవరైనా వెనకబడితే నాలుకతో 'చొ చొ' అని అదిలించేవారు. పిల్లలు చాటున నవ్వుకునేవాళ్లు. నాకంటే చిన్నవారు, నాకు పైఅధికారి. మా ఇంట్లో పౌరోహిత్యం ఉండేది కాబట్టి నన్ను 'సామీ' అని పిలిచేవారు. ఆ పిలుపులో మర్యాదా ఉండేది, వెటకారమూ ఉండేది. ఏది ఎంత అన్నది నేను చేసిన పనిని బట్టి మారేది.

వచ్చిన కొత్తలోనే ఒక సంగతి జరిగింది. గోడ వరసలో తుమ్మలపల్లె అమ్మాయి మహేశ్వరి ప్రోగ్రాము ఆడలేదు. లెక్కల మూట ఒకటి పిలిస్తే 'లేదు' అంది మిషను. నేను పక్క మిషనులో ఉన్న ఆ మూటను అమాంతం తెచ్చి ఆమె ఫోల్డరులో పడేశాను. 'లేదు' పోయింది, దాని బదులు ఇంకో పేరు చెప్పి అది లేదు అంది. దాన్నీ తెచ్చాను. ఇంకోటి అడిగింది. గంగులప్ప సారు నా వెనక నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు.

"ఏంది సామీ, ఒక్కొక్క గొర్రెనే సంకనేసుకోని మోస్తాండారా? ఆ గొర్రెకు తల్లి యాడుందో, పిల్ల యాడుందో చూడకుండా దాన్నొక్కదాన్నే తెచ్చి ఇడిస్తే అది నిలబడుకుంటాదా? అరిసి చస్తాది."

మహేశ్వరి నవ్వు ఆపుకోలేక తెర వెనక తల దాచుకుంది.

"మరి లేదంటోంది కదా సార్" అన్నాను నేను.

"అది లేదంటాది. దానికేం, నోరుండాది. యాడాడ వెతికినావు అని అడిగినారా?"

ఆయన వంగి ఆమె చేత రెండు లైన్లు టైపు చేయించారు. మిషను తాను వెతికిన చోట్లన్నీ ఒకదాని కింద ఒకటి చెప్పింది. మేం మూట పెట్టిన చోటు వాటిలో లేదు. అంతే జబ్బు. అప్పటివరకు నేను 'లేదు' అనే మాటను జవాబు అనుకునేవాణ్ణి. ఆయన దగ్గర అది సగం మాట. మిగతా సగం అడిగి రాబట్టుకోవాలి.

ఆ సాయంత్రం క్యాంటీనులో టీ తాగుతూ ఆయన వాళ్ల నాయన సంగతి చెప్పారు. వాళ్లలో ఒక కట్టుబాటు ఉందట. మందలో గొర్రె తప్పిపోతే ఆ మనిషి పక్క ఊళ్ల గొర్రెల దొడ్లకు పోయి 'దొడ్డి చూడల్ల' అంటాడు. అన్నాక ఎవడైనా సరే గేటు తీయాలి. నిజంగా లేకపోయినా సరే, 'మా కాడ లేదు పో' అని గేటు దగ్గరే చెప్పి పంపకూడదు. లోపలికి రానిచ్చి, కళ్లతో చూడనిచ్చి, తర్వాతే లేదనాలి. వాళ్ల నాయనకు ఒకసారి ఎడమ చెవి కోత ఉన్న ఆడగొర్రె తప్పిపోయింది. అది కలిసింది ఎదుటి వర్గం ఊళ్లోని మందలో. ఆ ఊరివాళ్ల చేతుల్లోనే వీళ్ల చిన్నాయన చనిపోయాడు. వాళ్లమ్మ కాళ్లు పట్టుకుని పోవద్దంది. ఆయన చేతికర్ర ఒక్కటే పట్టుకుని పోయాడు.

"తీసినారా సార్ గేటు?"

"తీయక? కడుపులో కత్తులుండొచ్చు గాక. దొడ్డి చూడల్ల అన్నోడికి గేటు తీయకపోతే ఆ మందకే కీడంటారు మాలో. చెవి చూపిచ్చినాడు, తోలుకోనొచ్చినాడు. తాగను నీళ్లు గూడా ఇచ్చినారంట." ఆయన గ్లాసు కింద పెట్టారు. "గొర్రెకు ఉన్న న్యాయం మనిషికి లేదు సామీ మన జిల్లాలో. మనిషి తప్పిపోయినాడని పోతే గేటు కాడనే లేదంటారు."

ఆయన అన్నీ ఇలా బరువుగా మాట్లాడేవారనుకోకండి. కిటికీ వరసలో నాగేంద్ర అనే కుర్రాడుండేవాడు, చైర్మనుకు దూరపు బంధువు. వాడు తన ప్రోగ్రాముకు ఆ లెక్కల మూట పేరే పెట్టుకుని, లోపల ఆ మూటనే పిలిచాడు. మిషను ముందు సొంత ఫోల్డరులో వెతుకుతుంది, వీడి ఫైలే కనబడింది, మూట దొరికిందనుకుంది. వీడేమో మూట పనిచేయడం లేదని గొడవ.

"రేయ్ నాగేంద్రా, మీ ఊరి సర్పంచు పేరేంది?"

"ఓబులేసు సార్."

"నువ్వు పేరు మార్చుకోని ఓబులేసు అని పెట్టుకుంటే మీ ఇంట్లో ఓబులేసూ అని కేకేస్తే ఎవురు పలుకుతారు?"

"నేనే సార్."

"నువ్వు సంతకం పెడితే రోడ్డు పడతాదా?"

"పడదు సార్."

"ఇదీ అంతే. మనోడి పేరు కనబడితే సాలు, అసలోణ్ణి వెతకడం ఆపేస్తాం. మార్చు పేరు."

రెండు వరసలూ కలిసి నవ్వడం నేను విన్నది అప్పుడే.

ఇక ఆ ప్రాక్టికల్ పరీక్ష రోజు. దాన్ని తలుచుకుంటే ఈనాటికీ నా చేతిరాత వంకర పోతుంది.

పరీక్షకు ముందు మిషన్లన్నిటినీ ఖాళీ చేసి, కావలసినవి మళ్లీ ఎక్కిస్తారు. ఆ పని చేసింది సుధాకర్. చైర్మను సిఫారసుతో వచ్చిన మనిషి. హెడ్డు మాట కంటే చైర్మను ఇంటి నుంచి వచ్చే ఫోనే అతనికి పెద్ద. పరీక్షకు ఎవరు ఏ మిషను దగ్గర కూర్చోవాలో చీటీలు తీస్తారు. తీశాం కూడా. చీటీలు తీసుకుని లోపలికి వెళ్లిన పిల్లలు, మేం ఇంకా తలుపు దగ్గర ఉండగానే, చీటీలు మార్చుకుని ఎవరి వరసకు వాళ్లు చేరిపోయారు. ఇది జరుగుతుందని సుధాకరుకు తెలుసు. మా ప్రాంతంలో ఎవరికైనా తెలుసు.

పరీక్ష మొదలైన కాసేపటికి గోడ వరసలో మహేశ్వరి చేయి లేపింది. తర్వాత ఆమె పక్క పిల్ల. తర్వాత వరస మొత్తం. అందరి తెరల మీదా అవే ఎర్ర అక్షరాలు. లెక్కల మూట లేదు. కిటికీ వరసలో టకటకా టైపు చేసుకుంటున్నారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు, పాపం ఆయనకు మా వరసల సంగతి తెలియదు, "ప్రోగ్రాము తప్పు రాసి మిషను మీద చెబితే ఎలా? సున్నా వేస్తాను" అన్నాడు. ఆ నెలలోనే బెంగళూరు కంపెనీ ఒకటి ఉద్యోగాలకు పిల్లలను ఎంచుకోవడానికి రానుంది. ప్రాక్టికల్ తప్పినవాళ్లను లోపలికే రానివ్వరు. మహేశ్వరి తండ్రి గనిలో దిగే మనిషి. ఆ అమ్మాయి ఏడవలేదు. ఆయన నేర్పిన ఆ రెండు లైన్లు కొట్టి, మిషను వెతికిన చోట్లన్నీ తెర మీదికి తెచ్చి, గంగులప్ప సారు వైపు చూసింది.

ఆయన వచ్చి చూశారు. ఒక్కో చోటూ తెరిచి చూశారు. ఎక్కడా లేదు. "ఈసారి ఇది అబద్ధం చెప్పలా" అన్నారు. తర్వాత కిటికీ వరసకు నడిచారు.

సుధాకర్ అడ్డం వచ్చాడు. "అన్నిట్లో ఒకే మాదిరి ఎక్కిచ్చినా సార్. ఈ పిల్లోళ్లు ఏమన్నా చెడగొట్టుకోనింటారు."

"మంచిదప్పా. దొడ్డి చూపించు."

"ఏంది సార్?"

"పక్కకు జరుగు, చూడల్ల."

కిటికీ వరసలో ప్రతి మిషనులోనూ మూట ఉంది. గోడ వరసలో ఒక్కదానిలోనూ లేదు. ఎగ్జామినరు కళ్లారా చూశాడు. నేనూ చూశాను. గంగులప్ప సారు పరీక్ష ఆపించి, మూటను అన్ని మిషన్లకూ ఉమ్మడిగా ఉండే సర్వరులో ఒకే చోట పెట్టారు. రెండు వరసల మిషన్లూ అక్కడే వెతికేలా అన్నిటికీ దారి చెప్పారు. ఆ ఫోల్డరుకు ఏం పేరు పెట్టాలని నేను అడిగితే, కోపంలో కూడా ఆయన పెదవి కొంచెం వంగింది. "దొడ్డి అని పెట్టండి సామీ." పెట్టాను. పిల్లలకు అది వాళ్ల తెరల మీద ఒట్టి ఒక ఇంగ్లీషు అక్షరంగానే కనబడుతుంది. ఆ పేరు ల్యాబు వాళ్లకే తెలుస్తుంది. పరీక్ష మళ్లీ మొదటి నుంచి జరిగింది. గోడ వరస గట్టెక్కింది.

ఆ సాయంత్రం చైర్మను గదిలోకి మమ్మల్ని పిలిచారు. చైర్మను గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "గంగులప్పా, కంప్యూటర్లో ఏదో తేడా వచ్చిందని రిపోర్టు రాసి పంపు. పిల్లోడు సుధాకరు ఏదో మరిసిపోయినాడు."

"మరిసిపోతే అక్కడొకటి ఇక్కడొకటి పోతాది సార్. గీత గీసినట్టు ఒక వరసంతా పోదు. కావాలనే చేసినాడని రాస్తా."

"నువ్వు రాస్తే ఎవురు నమ్ముతారు?"

నేను ఉన్నాను, చూశాను, చెబుతాను అన్నాను. చైర్మను నా వైపు చూసి "సామీ, మీకెందుకీ గొడవ, సంధ్యావందనం చేసుకోండి" అన్నాడు. గంగులప్ప సారు ఉన్నది ఉన్నట్టు రాసే పంపారు.

రెండు రోజుల్లో ఎదుటి పార్టీవాళ్లు వచ్చారు. పూలదండ, శాలువా, వెంట ఒక విలేకరి. తమ ఊళ్ల పిల్లలకు అన్యాయం జరిగిందని సారు నాలుగు మాటలు మాట్లాడాలట. ఆయన దండ పక్కన పెట్టేశారు. "పోయిన ఏడాది కిటికీ వరస ప్రింటరు వైర్లు కోసింది మీ పక్క పిల్లోళ్లే. అది గూడా చెప్తా, రాసుకుంటారా?" వచ్చినవాళ్లు శాలువా కూడా మడుచుకుని తీసుకుపోయారు. ఆ రోజు నుంచి ఆయనకు ఈ వర్గమూ లేదు, ఆ వర్గమూ లేదు. మా జిల్లాలో అట్లాంటి మనిషికి ఎంత చోటుందో అందరికీ తెలుసు.

కొద్ది వారాలకే ఉత్తరువు వచ్చింది. హెడ్డు పోస్టు అసలు మంజూరే కాలేదట. లేని పోస్టులో ఆయన ఎన్నేళ్లు పనిచేశారో ఎవరూ అడగలేదు. నన్ను హాస్టలు స్టోరుకు మార్చారు, రిటైరయ్యేదాకా బియ్యం బస్తాల మధ్యే ఉన్నాను. ఆ లేని పోస్టులోనే సుధాకర్ హెడ్డయ్యాడు. పిల్లలకు 'లేదు' అన్నది జవాబని నేర్పి ఉంటాడు. గంగులప్ప సారు వేంపల్లె దగ్గర చిన్న బడిలో చేరారు, అక్కడే పని చేస్తుండగా చనిపోయారు. చివరిసారి కలిసినప్పుడు ఆ కాలేజీ మాట నేను ఎత్తితే "మీరింకా ఆడనే తిరుగుతాండారా సామీ" అన్నారు. అవును సార్, అక్కడే తిరుగుతున్నాను. మీకు కోపం పోయిందేమో, నాకు పోలేదు. పోస్టు తీసేశారు సరే. మనిషే లేడంటే ఎట్లా ఊరుకోవాలి?

హరిత వచ్చి వెళ్లిన మరుసటి రోజు పొద్దున రుక్మిణి ఉప్మా చేసింది, నేను తినలేదు. బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్లాను. చైర్మను ఇప్పుడు లేడు, పార్టీలు తారుమారయ్యాయి, సుధాకర్ ఎక్కడో రియల్ ఎస్టేటు చేసుకుంటున్నాడు. బోర్డు మాత్రం ఉంది. చదివాను. ఆయనకు ముందున్నాయన పేరు కిందనే సుధాకర్ పేరు, మధ్యలో ఖాళీ కూడా లేకుండా, చక్కగా.

ల్యాబు చూసుకునే అబ్బాయిని పిలిచాను. మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. సంగతి చెబితే కంప్యూటరులో ఏదో కొట్టి చూశాడు. "ఆ పేరుతో ఎవురూ లేరు సార్ మా కాడ."

"యాడ వెతికినావు నాయనా?"

"సిస్టంలో సార్."

"సిస్టంలో ఎక్కించకముందువి?"

"అవి వెనక రూములో కట్టలు కట్టి పెట్టినారు సార్. ప్రిన్సిపాలు పర్మిషను కావల్ల."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "గేటు కాడ లేదనొద్దప్పా. దొడ్డి చూపించు."

ఆ అబ్బాయి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "దొడ్డా? సర్వరులో ఉండాదే సార్, ఆ పేరుతో ఫోల్డరు. మిషన్లు మారినా దాన్ని అట్లనే ఎత్తి పెడతాండాం. పరీక్షకు కావల్సినవన్నీ దాంట్లోనే. ఎవురు పెట్టినారో తెలీదు గానీ, దాన్ని తీసేస్తే రెండు వరసలూ నిలిచిపోతాయి సార్."

"ఆ పెట్టినోణ్ణే నేను వెతుకుతాండేది."

అతను లేచి, గోడకు వేలాడుతున్న తాళాల గుత్తి తీసుకున్నాడు. ప్రిన్సిపాలు గది దాటి వెళ్లాలి. దాని ముందు ఆగలేదు. వెనక రూము తలుపు దగ్గర తాళంచెవి వెతుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"గుర్తులేమన్నా ఉన్నాయా సార్, ఆయనవి?"

చెప్పడం మొదలుపెట్టాను.